ఓవర్‌లాండ్ ట్రాక్: కట్టే డబ్బు దారికే, పడకకు కాదు

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో క్రేడిల్ మౌంటెన్–లేక్ సెయింట్ క్లేర్ నేషనల్ పార్కు గుండా వెళ్లే ఈ దారి సుమారు 65 కిలోమీటర్లు, తాపీగా నడిస్తే ఆరు రోజులు. అక్టోబరు 1 నుంచి మే 31 దాకా ముందే బుక్ చేసుకుని రుసుము కట్టాలి, ఉత్తరం నుంచి దక్షిణానికే నడవాలి. పార్కు పాసు ఖర్చు వేరు.

రుసుము కట్టాం కాబట్టి దారిలో రాత్రి బసకు కట్టిన హట్‌లో చోటు ఖాయం అనుకుంటే పొరపాటే. ముందొచ్చినవాళ్లదే చోటు. పరుపులుండవు, చెక్క అరుగులే. పొయ్యి, గిన్నెలు మనమే మోసుకెళ్లాలి. టెంటు తప్పనిసరి. హట్ నిండినా, మధ్యలో వాతావరణం తిరగబడినా అదే దిక్కు. బరువు తగ్గుతుందని దాన్ని వదిలేసి వచ్చేవాళ్లను చూస్తే జాలి వేయదు, చిరాకేస్తుంది. ఇక్కడ నడివేసవిలో, అంటే డిసెంబరు, జనవరిలో కూడా మంచు పడుతుంది.

తొలిరోజు రోనీ క్రీక్ నుంచి వాటర్‌ఫాల్ వ్యాలీకి 10.7 కి.మీ. మొదట బటన్‌గ్రాస్ గడ్డి కుదుళ్ల మీదుగా చెక్క బాట, తర్వాత మారియన్స్ లుకౌట్‌కు నిట్టనిలువు ఎక్కుడు. పట్టుకోవడానికి గొలుసు ఉంది. దారి మొత్తంలో ఒళ్లు హూనం చేసే ముక్కల్లో ఇదొకటి, అదీ బ్యాగు నిండుగా ఉన్న రోజునే. పైకి చేరగానే చెట్టు నీడ ఉండదు, గాలి ఈడ్చి కొడుతుంది. దారిలో కనిపించే కిచెన్ హట్ ఆపదలో తలదాచుకోవడానికే, రాత్రి బసకు కాదు.

రెండో రోజు విండర్‌మియర్‌కు 7.8 కి.మీ. మాత్రమే, బయలు నేల. అసలు పరీక్ష మూడో రోజు: పెలియన్‌కు 16.8 కి.మీ. బయలు దాటి అడవిలోకి దిగాక ఫ్రాగ్ ఫ్లాట్స్ వస్తుంది. అక్కడ బురద, జలగలు. బురద తప్పించుకోవాలని పక్కనుంచి నడిస్తే దారి ఏటేటా వెడల్పై చుట్టూ మొక్కలు చస్తాయి. బూట్ల పైనుంచి మోకాలి దాకా గేటర్లు (కాళ్లకు చుట్టుకునే తొడుగులు) కట్టుకుని మధ్యలోంచే పోవాలి. చెక్క బాట మీద తీగ వల కొట్టని చోట, తడిసిన చెట్ల వేళ్ల మీద కాలు జారుతుంది. మామూలు రన్నింగ్ షూలు ఇక్కడ పనికిరావు.

మరుసటి రోజు దారిలో వచ్చే పెలియన్ గ్యాప్ అనే కనుమ దగ్గర బ్యాగు దింపి 1,617 మీటర్ల మౌంట్ ఓసా ఎక్కొచ్చు. టాస్మేనియాలో అదే ఎత్తైన శిఖరం. చివరి ముక్క బండల మీద పాకడమే కాబట్టి వానలో వద్దు. దింపిన బ్యాగులకు కరవాంగ్ అనే నల్ల పక్షి బెడద ఉంది. జిప్పు లాగి తిండి ఎత్తుకుపోతుంది, అందుకే జిప్పులకు క్లిప్పు పెట్టాలి.

తర్వాతి హట్ కియా ఓరా దాటాక అడవి మళ్లీ మారుతుంది. నాచు పట్టిన మిర్టిల్ చెట్లు, మొగలి పొదలా ఆకులు విరిసిన పాండనీ మొక్కలు, పక్కదారుల్లో జలపాతాలు. ఏప్రిల్ చివర్లో వెళ్తే ఎత్తు ప్రాంతాల్లో ఫాగస్ అనే చెట్టు ఆకులు పసుపు, ఎరుపు తిరుగుతాయి. చలి ఓర్చుకోగలిగితే మా ఓటు ఆ వారానికే.

మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి వెళ్లే మనవాళ్లకు రెండు మాటలు. పచ్చి కూరగాయలు, పండ్లు టాస్మేనియాలోకి తీసుకురానివ్వరు. అటుకులు, ఉప్మా మిక్స్, పప్పు పొడి అయితే తేలిక, తొందరగా ఉడుకుతాయి. గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, లాన్సెస్టన్‌లో కొనాలి. కట్టెల మంట నిషేధం. హట్‌ల దగ్గర ట్యాంకుల్లో వాననీరు ఉంటుంది, మరిగించి తాగాలి. బ్యాగుకు పైన వేసే కవర్ ఒక్కటే వానకు ఆగదు. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, స్లీపింగ్ బ్యాగు అందులో ఉంచాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా ఆపదలో సాయం కోసం సంకేతం పంపే అత్యవసర బీకన్ అద్దెకు తీసుకోవడం మంచిది.

చివర్లో నార్సిసస్ నుంచి లేక్ సెయింట్ క్లేర్ మీద పడవ ఉంది, దానికి టికెట్టు వేరుగా ముందే తీసుకోవాలి. నార్సిసస్ హట్ చేరగానే అక్కడి రేడియోలో వచ్చామని చెప్పాలి. పడవ వద్దనుకుంటే ఒడ్డు వెంబడి మరో 17.5 కి.మీ. నడక. కారు ఉత్తరం వైపు వదిలితే దిగేది దక్షిణాన కాబట్టి బస్సు కూడా ముందే మాట్లాడుకోవాలి.