మంగోలియాలో బస ఎక్కడ: టూరిస్టు క్యాంపులోనా, కాపరి ఇంట్లోనా?

మంగోలియా వెళ్లేవాళ్లు ఎక్కువమంది అడిగేది గెర్‌లో బస గురించే. కర్రజాలీ గోడల మీద ఒత్తిన గొర్రె ఉన్ని పొరలు కప్పిన గుండ్రటి ఇల్లు అది. విప్పి బండికెత్తుకుని ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు. అయితే గెర్ బస అన్న పేరుతో రెండు రకాలు దొరుకుతాయి. ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి మీరు చూసే మంగోలియా మారిపోతుంది.

టూరిస్టు క్యాంపు అంటే వరసగా వేసిన గెర్‌లు, లోపల మంచాలు, దుప్పట్లు, విడిగా కట్టిన బాత్‌రూములు, ఒక భోజనశాల. చాలావరకు వేసవి నెలల్లోనే నడుస్తాయి. జులైలో కూడా రాత్రుళ్లు చలేస్తుంది కాబట్టి పొయ్యి ఉంటుంది, చాలాచోట్ల దాన్ని రాజేసేది క్యాంపు మనిషే. పసిపిల్లలో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లో వెంట ఉంటే ఇక రెండో ఆలోచన వద్దు. లోటల్లా ఒకటే: పొద్దున్నే లేచి తలుపు తీస్తే ఎదురయ్యేది మీలాంటి ఇంకో టూరిస్టే.

కాపరి ఇంట్లో పరిస్థితి వేరు. ఇంటి ముందు నిలబడి తలుపు తట్టరు, దూరం నుంచే ‘నొఖోయ్ ఖోర్’ అని కేకేస్తారు. కుక్కను పట్టుకోమని. ఆ కుక్కలను చూశాక అది ఉత్త మర్యాద మాట కాదని అర్థమవుతుంది. తలుపు దక్షిణం వైపు ఉంటుంది. గడప తొక్కకుండా దాటి ఎడమకు, అంటే పడమటి వైపుకు, వెళ్లి కూర్చోవాలి. తూర్పు వైపు వంట సామాను, ఉత్తరాన పూజా పీఠం, కుటుంబం ఫొటోలు. నడుమ ఉన్న రెండు స్తంభాల మధ్య నుంచి నడవకూడదు, పొయ్యిలో చెత్త వేయకూడదు, పొయ్యి వైపు కాళ్లు చాపకూడదు. ఏది ఇచ్చినా కుడిచేత్తో అందుకోవాలి. తెలుగువాళ్లకు ఇవేవీ కొత్తగా అనిపించవు, గడప తొక్కితే అమ్మమ్మతో తిట్లు తిన్నవాళ్లమే కదా.

కూర్చోగానే ఉప్పు వేసిన పాల టీ వస్తుంది. వేసవి నడుమకొచ్చేసరికి గుర్రప్పాలు పులియబెట్టిన ఐరగ్ కూడా. పుల్లగా, కాస్త మత్తుగా ఉంటుంది. వద్దని గిన్నె తోసెయ్యకండి, పెదవులకు తాకించి తిరిగిచ్చినా చాలు. పగలంతా ఆడ గుర్రాల పాలు పితకడం, ఎండిన పేడ ఏరి పొయ్యికి చేర్చడం, సాయంత్రానికి మందను తోలుకురావడం, ఇవన్నీ మీ కళ్లముందే జరుగుతాయి. ఓ చెయ్యి వేస్తానంటే సాధారణంగా వద్దనరు. కష్టాలూ ఉన్నాయి: స్నానానికి వీలుండదు, మరుగుదొడ్డి దూరంగా తవ్విన గొయ్యి, అందరూ పడుకునేది ఒకే గదిలో. సోలార్ పలక దగ్గర ఫోను చార్జింగుకు వరస కట్టాల్సి రావచ్చు.

శాకాహారుల సంగతి. క్యాంపులో ముందుగా చెప్తే ఏదో ఒకటి చేసిపెడతారు, అందులో రుచి వెతక్కండి. కాపరి ఇంట్లో చాలా పూటలు మాంసమే. కానీ వేసవిలో పాడి పుష్కలంగా ఉంటుంది: తరగ్ అనే పెరుగు, ఊరుమ్ అనే మీగడ, ఆరూల్ అనే ఎండబెట్టిన గట్టి పెరుగు. రాజధాని ఉలాన్‌బాతర్‌లో బియ్యం కొనుక్కుని వెళ్తే పెరుగన్నానికి లోటుండదు. ఆవకాయ మీ ఇష్టం.

జులై 11 నుంచి 13 వరకు జాతీయ నాదమ్ పండుగ. కుస్తీ, విలువిద్య, గుర్రప్పందేలు. ఆ రోజుల్లో రాజధాని కిటకిటలాడుతుంది. అప్పుడు పల్లె కుటుంబంతో ఉంటే, వాళ్లు తమ ఊరి చిన్న నాదమ్‌కు మిమ్మల్నీ తీసుకెళ్లే అవకాశం ఉంది. స్టేడియంలో దూరం నుంచి చూసే పెద్ద వేడుక కన్నా అదే నాకు మేలనిపిస్తుంది.

నేనైతే ప్రాంతాన్ని బట్టి విడగొడతాను. గోబీ ఎడారిలో రోజంతా మట్టిరోడ్ల మీద కుదుపులు, దుమ్ము. రాత్రికి స్నానం కావాలి, అక్కడ క్యాంపు. మధ్య మంగోలియాలోని ఓర్ఖోన్ నది లోయలో నీళ్లు, గడ్డి, మందలు అన్నీ ఉన్నాయి, అక్కడ కాపరి ఇల్లు. అదీ ఒక్క రాత్రికి కాదు, కనీసం రెండు రాత్రులు. మొదటి రోజు మీరు అతిథే, రెండోరోజుకే పాల బకెట్ చేతికిస్తారు. కాపరులు ఏడాదిలో చాలాసార్లు మకాం మారుస్తారు కాబట్టి ఆన్‌లైన్ మ్యాపును నమ్ముకోవద్దు, ఆ వైపు తిరిగే డ్రైవరు కావాలి. బసకు ఇవ్వాల్సిన డబ్బు సంగతి అతని ద్వారానే ముందుగా మాట్లాడించండి. పిల్లలున్న ఇల్లయితే రంగు పెన్సిళ్లు తీసుకెళ్లండి.