ఆగిపోయిన ప్రసారాన్ని వెతుక్కుంటూ జపాన్‌లో: దుకాణాలు, బసలు, ప్రయాణాలు

జపాన్ వెళ్లే గేమ్ అభిమానులు మొదట టోక్యోలోని ఎలక్ట్రానిక్స్, గేముల పేట అకిహాబారాకే పరుగెడతారు. శాటెల్లావ్యూ మెమరీ ప్యాకుల కోసం వెళ్లేవారు మాత్రం దాన్ని చివరికి పెట్టుకోవడం మేలు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ వస్తువు సంగతి కాస్త చెప్పాలి.

శాటెల్లావ్యూ 1995 ఏప్రిల్‌లో నింటెండో జపాన్‌లో మాత్రమే విడుదల చేసిన పరికరం. నింటెండో గేమ్ యంత్రం సూపర్ ఫామికామ్ అడుగున దీన్ని బిగించి ఉపగ్రహ ట్యూనర్‌కు కలిపితే, సెయింట్ గిగా అనే ఉపగ్రహ రేడియో సంస్థ ప్రసారం చేసే గేములు ఇంట్లోకి దిగేవి. (సముద్రపు ఆటుపోట్ల వేళలను బట్టి సంగీతమూ ప్రకృతి ధ్వనులూ వినిపించిన వింత రేడియో అది. 1993లో నింటెండో అందులో వాటా కొన్నది.) దిగిన గేము 8 మెగాబిట్ల మెమరీ ప్యాకులో నిలిచేది. చోటు చాలకపోతే పాతది చెరిపి కొత్తది దించుకోవలసిందే. 2000 జూన్ 30తో ప్రసారాలు ఆగిపోయాయి. ఆ గేముల్లో చాలావాటిని దుకాణాల్లో ఏనాడూ అమ్మలేదు కనుక, ఇప్పటికీ బయటపడనివి మిగిలి ఉంటే ఎవరి ఇంట్లోనో మూల పడ్డ ప్యాకుల్లోనే ఉండాలి. పైనున్న లేబుల్ చూసి లోపల ఏముందో చెప్పలేం.

అందుకే నేను ప్రతి దుకాణాన్నీ ఒకే ప్రశ్నతో తూచాను: డబ్బు కట్టకముందు ప్యాకు లోపల చూడనిస్తారా?

ఈ లెక్కన అకిహాబారా వెనకబడుతుంది. సూపర్ పొటాటో అనే పాత గేముల దుకాణం అంతస్తులు ఎక్కి దిగడం, పైన పాత ఆర్కేడ్ యంత్రాల మీద ఒక ఆట ఆడటం ఎవరికైనా సరదాయే. కానీ ఆ పేటకు పర్యాటకుల తాకిడి ఎక్కువ. మంచి పెట్టె, మచ్చలేని ప్లాస్టిక్ కోరేవారికి అది సరైన చోటు. నాకు కావలసింది లోపలి డేటా. టోక్యోలోనే ఉన్న నకానో బ్రాడ్‌వే అనే దుకాణాల సముదాయం నాకు బాగా నచ్చింది. 1966 నాటి భవనం, పాత మాంగా, బొమ్మలు అమ్మే మండరాకే దుకాణాలు పుట్టి పెరిగిన చోటు. ఇరుకు వరండాల్లో చిన్న చిన్న కొట్లు. అక్కడ పేరు చెప్పనక్కరలేని ఒక కొట్టు యజమాని ప్యాకులోని డేటా చదివే నా రీడర్‌నూ ల్యాప్‌టాప్‌నూ చూసి, గల్లా పక్కనే చోటిచ్చి కూర్చోబెట్టారు. ప్యాకుల్లో ఎక్కువ భాగం ఖాళీవే. అయినా ఆ మర్యాదకు పూర్తి మార్కులు వేస్తాను.

అసలు వేట నగరం అంచుల్లో ఉంది. హార్డ్ ఆఫ్ లాంటి పాత సామాను దుకాణాల్లో ‘జంక్’ అని రాసిన బుట్టలు ఉంటాయి. వస్తువును పరీక్షించలేదు, తిరిగి తీసుకోము అని ముందే చెప్పి తక్కువ ధరకు అమ్ముతారు. కొన్ని శాఖల్లో ప్లగ్గు పెట్టి చూసుకోవడానికి బల్ల కూడా ఉంటుంది. అక్కడ ప్యాకు రోజూ దొరకదు, దొరికిన రోజున బేరమూ అక్కరలేదు. ఒసాకాలోని ఎలక్ట్రానిక్స్ పేట నిప్పోంబాషి డెన్‌డెన్ టౌన్ అకిహాబారాకూ ఈ అంచు దుకాణాలకూ మధ్యస్థం: నడక తక్కువ, జనం ఒత్తిడి తక్కువ, మాట కలిపే అమ్మకందారులు ఎక్కువ.

ప్యాకు దొరికితే గేము దొరికినట్టేనా? కాదు. సౌండ్‌లింక్ అనే రకం శాటెల్లావ్యూ గేముల్లో నటుల గొంతులూ సంగీతమూ అదే వేళకు రేడియోలో నడిచేవి. 1995 ఆగస్టులో మొదలైన జెల్డా గేమును నాలుగు వారాలు, వారానికో భాగం చొప్పున ప్రసారం చేశారు. గడియారం చూసుకుని ఆడాలి. ఫలానా నిమిషానికి కథకుడి మాట వినిపించేది, ఆటలో దానికి తగ్గ సంఘటన జరిగేది. ప్యాకులో ఆ గొంతు లేదు. అప్పట్లో ఎవరైనా టీవీ తెరను వీడియో టేపు మీద పట్టి ఉంచితేనే ఇప్పుడు వినగలం. ఎఫ్-జీరో అనే రేసింగ్ గేము ప్రసారాల్లోని కొన్ని రేసు బాటలను అభిమానులు అలాంటి టేపులు చూసే మళ్లీ నిర్మించారు. నా దృష్టిలో గీత పడ్డ టేపు విలువ మెరిసే పెట్టె కంటే ఎక్కువ.

ఇక బస. టోక్యోలో తెలుగువారికి నిషి-కసాయి పేటను మించిన చోటు లేదంటాను. భారతీయ కుటుంబాలు ఎక్కువ, పప్పులూ మసాలాలూ అమ్మే కొట్లున్నాయి, దోసె తినవచ్చు. పైగా తోజై మెట్రో మార్గంలో రైలు మారకుండా నకానో చేరవచ్చు. అకిహాబారాకైతే కయాబాచోలో హిబియా మార్గానికి మారాలి. ఒక రాత్రి క్యాప్సూల్ హోటల్ (మనిషి పడుకునేంత చిన్న గూడే గదిగా ఇచ్చేది) ప్రయత్నించాను. నిద్రకు లోటు లేదు గానీ, ల్యాప్‌టాప్ తెరిచి ప్యాకులు చదివించడానికి చోటేదీ? లాకరులో పెట్టె పట్టలేదు, అడిగితే సరైన సమాధానమూ రాలేదు. బల్ల ఉన్న బిజినెస్ హోటల్ గది ఎంత చిన్నదైనా ఈ పనికి అదే నయం.

ప్రయాణాల్లో విదేశీ పర్యాటకులకిచ్చే రైల్వే పాస్ జోలికి పోలేదు. 2023 అక్టోబరులో ఏడు రోజుల సాధారణ పాస్ ధర 50,000 యెన్లకు చేరింది. టోక్యో, ఒసాకా తిరిగి రావడానికి విడి టికెట్లే చవక. పెద్ద పెట్టెను తక్కుబిన్ అనే సామాను చేరవేత సేవలో ముందే ఒసాకా హోటల్‌కు పంపాను, మర్నాటికి చేరింది. ప్యాకులు మాత్రం చేతి సంచిలోనే ఉంచుకున్నాను.

క్యోటో దగ్గరి ఉజీలోని నింటెండో మ్యూజియం 2024 అక్టోబరులో తెరిచారు. కింటెత్సు ఒగురా స్టేషన్ నుంచి నడిచే దూరం. టికెట్లు లాటరీ పద్ధతిలో ఇస్తారు కాబట్టి ముందే దరఖాస్తు చేయాలి. ప్రదర్శన ఉన్న అంతస్తులో ఫొటోలు తీయనివ్వరు. పిల్లలతో వెళ్లేవారికి తప్పక చెబుతాను. సేకరణ కోసం వెళ్లేవారు ఆ పూట ఒసాకా జంక్ బుట్టలకు కేటాయించుకున్నా నష్టం లేదు.

పరికరం కూడా కొనేవారికి ఒక మాట: జపాన్ కరెంటు 100 వోల్టులు. అక్కడి అడాప్టరును మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకండి. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ముందే కొని ఉంచుకోండి.