బెంగళూరులో వీకెండ్ బయోస్టాటిస్టిక్స్ కోర్సుకు డబ్బు కట్టబోతున్నారా? కాస్త ఆగండి

ఎండీ, ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ), ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లతో కుస్తీ పడుతున్న ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. "హెల్త్ రీసెర్చ్‌కి ఇంటర్మీడియట్ స్టాటిస్టిక్స్, శని ఆదివారాలు, సర్టిఫికెట్ గ్యారంటీ." క్లాసు జయనగర్‌లో, ఫీజు 18,000, జీఎస్టీ అదనం. నేను కట్టి, చివరిదాకా కూర్చుని వచ్చాను. సంస్థ పేరు రాయను. ఇదే పద్ధతిలో నడిచేవి ఇంకా ఉండొచ్చు కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

సిలబస్ కాగితం మీద లాజిస్టిక్ రిగ్రెషన్, సర్వైవల్ అనాలిసిస్, మిక్స్‌డ్ మోడల్స్ లాంటి పై స్థాయి పాఠాలన్నీ ఉన్నాయి. సగం క్లాసులు మీన్, మీడియన్, టీ టెస్టు లాంటి ఓనమాలతోనే అయిపోయాయి. మిక్స్‌డ్ మోడల్స్‌కి "పీడీఎఫ్ పంపిస్తాం, చూసుకోండి" అన్నారు.

అదైనా సరిపెట్టుకోవచ్చు. సర్వైవల్ అనాలిసిస్, అంటే రోగులు ఎన్నాళ్లు బతికారో లెక్కగట్టే పద్ధతి, చెప్పిన రోజు సంగతి వినండి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే 'లంగ్' డేటా తెరిచారు. అందులో 228 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు. 165 మంది చనిపోయారు, 63 మంది చివరిసారి తెలిసేనాటికి బతికే ఉన్నారు. వీళ్లనే సెన్సార్డ్ అంటారు. మా సారు ఆ 63 వరసలూ సెలెక్ట్ చేసి, "ఇన్‌కంప్లీట్ డేటా" అంటూ డిలీట్ కొట్టేశారు. మిగిలినవాళ్లు బతికిన కాలానికి మీడియన్ (మధ్య విలువ) 226 రోజులు వచ్చింది. అందరినీ ఉంచి కాప్లాన్-మేయర్ పద్ధతిలో లెక్కేస్తే 310 వస్తుంది. 1958లో ఆ పద్ధతి వచ్చిందే ఇలాంటివాళ్లను పారేయకుండా లెక్కలోకి తీసుకోవడానికి! "బతికున్నవాళ్లను తీసేస్తే ఎలా సార్?" అని కర్నూలు నుంచి వచ్చిన అమ్మాయి అడిగితే, "ఎగ్జామినర్లు అంత లోతుకి వెళ్లరు మేడమ్" అన్నారు.

ఆడ్స్ రేషియోదీ అదే కథ. ఒక గ్రూపులో 60 శాతానికి, ఇంకో గ్రూపులో 30 శాతానికి జబ్బు వస్తే రిస్క్ రెండింతలు. ఆడ్స్ అంటే జబ్బు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య నిష్పత్తి. 60/40ని 30/70తో భాగిస్తే ఆడ్స్ రేషియో మాత్రం 3.5 వస్తుంది. స్లైడ్ మీద "ముప్పు మూడున్నర రెట్లు" అని ఉంది. దాన్నే థీసిస్‌లో ఎక్కించుకున్నవాళ్ల గతి వైవాలో తేలుతుంది.

ఇదంతా చేతకానితనం అనుకున్నాను. ఆఖరి క్లాసులో ఇంకో కాగితం పంచాక అర్థమైంది. "థీసిస్ అనాలిసిస్ ప్యాకేజీ", ధర కోర్సు ఫీజు కంటే ఎక్కువ. పి వాల్యూ 0.05 లోపే వచ్చేలా, అంటే ఫలితం "సిగ్నిఫికెంట్" అని రాసుకోగలిగేలా చూసుకుంటామని పక్కకు పిలిచి చెప్పారు. అంటే డేటా దిద్దుతారన్నమాట. మనకు పని రాకుండా ఉంటేనే వాళ్లకు గిరాకీ. పైగా పెన్‌డ్రైవ్‌లో క్రాక్ చేసిన ఎస్పీఎస్ఎస్ (డబ్బు కట్టి కొనాల్సిన స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) ఇచ్చారు. ఆర్, జమోవి ఉచితంగానే దొరుకుతుంటే ఆ దొంగ కాపీ ఎందుకో!

ఎక్కడైనా చేరేముందు ఫోన్ చేసి, కాక్స్ మోడల్‌లో (సర్వైవల్ అనాలిసిస్‌లో వాడేదే) ప్రొపోర్షనల్ హజార్డ్స్, అంటే గ్రూపుల మధ్య ముప్పు నిష్పత్తి కాలం గడిచినా మారదా అన్నది, సరిచూడటం ఏ క్లాసులో చెబుతారో అడగండి. నీళ్లు నమిలితే వదిలేయండి. డెమో క్లాసు ఒప్పుకోకపోయినా అంతే. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో బయోస్టాటిస్టిక్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. మీ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో స్టాటిస్టీషియన్ ఉంటే ముందు ఆయన్నే పట్టుకోండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు రసీదు, సిలబస్ కాగితం, వాట్సాప్ మెసేజీలు దాచిపెట్టుకోండి. రసీదు వెనక "నో రీఫండ్" అని ఉన్నా సరే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేనూ ఫిర్యాదు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.