తవుడు నూనె వడపోతకు పెర్లైట్ పొడి: మూడు నెలలు వాడాక

నెల్లూరు దగ్గర తవుడు నూనె ప్లాంట్‌లో ఫిల్టర్ ప్రెస్ (నూనెను ఒత్తిడితో గుడ్డల గుండా వడకట్టే యంత్రం) నా డ్యూటీ. తవుడు నూనెలో మైనం ఎక్కువ. చల్లబరిచి వడకడితే జిగురులా గుడ్డకు పట్టేసి, గంట తిరక్కముందే ప్రెషర్ ఎక్కిపోయేది. పెర్లైట్ మొదలుపెట్టాక ఒక షిఫ్టు సాఫీగా నడుస్తోంది.

ఇది అగ్నిపర్వతపు గాజురాయిని బాగా వేడిచేసి పొంగించి, పొడి కొట్టింది. వడపోతకు వాడే ఇంకో పొడి డయాటమైట్ కన్నా తేలిక, కాబట్టి అదే మందం పొరకు తక్కువ బరువు సరిపోతుంది. ముందు తేట నూనెలో కలిపి తిప్పుతూ గుడ్డ మీద పొర కట్టనివ్వాలి. గాజు గొట్టంలో నూనె మెరిసేదాకా ట్యాంకుకే వెనక్కి పంపాలి. తర్వాత వచ్చే నూనెలోనూ కొంచెం కొంచెం కలుపుతూనే ఉండాలి, లేదంటే మైనంతో పొర మూసుకుపోతుంది. మధ్యలో పంపు ఆగకూడదు. మొదటి వారం కరెంటు పోయి పొర మొత్తం జారిపోయింది, మళ్లీ మొదటి నుంచి కట్టాం.

సన్న రకం పొడి నూనెను అద్దంలా తీస్తుంది గానీ చాలా నెమ్మది. మాకు మధ్య రకమే కుదిరింది. సంచి విప్పేటప్పుడు దుమ్ము విపరీతం, మాస్కు లేకుండా మా కుర్రాళ్లను దగ్గరికి రానివ్వను. రెండు సంచులు చెమ్మగిల్లి ఉండలు కట్టి వచ్చాయి. నవంబర్ వానలకు ముందే లోపల ప్లాస్టిక్ కవర్ వేసి పంపమని అడిగాను.