జాగ్రత్త: కాంజి ఫ్లాష్‌కార్డ్ యాప్‌కి డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి

కాంజి, అంటే చైనీస్ నుంచి జపనీస్‌లోకి వచ్చిన అక్షరాలు నేర్చుకోవడానికి ఫ్లాష్‌కార్డ్ యాప్ కొనబోతున్నవాళ్లు, ముఖ్యంగా లైఫ్‌టైమ్ ప్లాన్ తీసుకుందామనుకునేవాళ్లు, ముందు ఇది చదవండి. మేం కొన్న ఒక పెయిడ్ యాప్ నుంచి డేటా బయటికి తీస్తే వచ్చిన సీఎస్‌వీ ఫైల్‌లో రెండే నిలువు వరసలున్నాయి: కార్డు ముందువైపు, వెనకవైపు. ఏ కార్డు మళ్లీ ఎప్పుడు రావాలి, ఇప్పుడు దాని విరామం ఎన్ని రోజులు, ఎన్నిసార్లు తప్పింది అనేవేవీ లేవు.

గుర్తున్న కార్డును రోజురోజుకీ ఎక్కువ విరామంతో, మరిచినదాన్ని త్వరగా మళ్లీ చూపించే స్పేస్డ్ రిపిటిషన్ పద్ధతిలో అసలు ఆస్తి ఆ చరిత్రే. కార్డులు ఎక్కడైనా దొరుకుతాయి. నెలల విరామం దాకా పెరిగిన కార్డులన్నీ వేరే సాఫ్ట్‌వేర్‌లో 'కొత్తవి'గా మొదలైతే ఏమవుతుందో లెక్క వేయండి. జపాన్ ప్రభుత్వ జాబితాలోని నిత్యవ్యవహార కాంజి 2136. రోజుకు 20 చొప్పున మళ్లీ పరిచయం చేయడానికే 107 రోజులు, ఆ పైన రోజూ వచ్చే రివ్యూలు వేరే.

కాబట్టి ట్రయల్ మొదటి రోజే 20 కార్డులు చేసి, మూడు రోజులు చదివి, ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) చేసి, ఆ ఫైల్‌ని తెరిచి చూడండి. తేదీలు, విరామాలు కనిపించకపోతే ఆ యాప్‌కి డబ్బు కట్టొద్దు. చాలామంది వాడే ఆంకి అనే ఫ్లాష్‌కార్డ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎగుమతి చేసేటప్పుడు షెడ్యూలింగ్ సమాచారం చేర్చే పెట్టెలో టిక్ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే అక్కడా చరిత్ర రాదు. ఇంకో సంగతి: ఆంకి పేరును పోలిన పేర్లతో, దానితో ఏ సంబంధం లేని యాప్‌లు స్టోర్‌లలో ఉన్నాయి. కంప్యూటర్‌లో అసలు ఆంకి ఉచితం, ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ ఉచితం, ఐఫోన్‌లో ఆంకీమొబైల్‌కి ఒకేసారి డబ్బు కట్టాలి. ఆంకి పేరు చెప్పి వారానికోసారి చందా అడిగేది అసలుది కాదు.

రెండో ప్రమాదం అక్షర రూపం. కొత్తవాళ్లు దీన్ని పట్టుకోలేరు, అందుకే ఇది ఎక్కువ నష్టం చేస్తుంది. కంప్యూటర్లు అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ పద్ధతిలో చైనీస్, జపనీస్ భాషలు పంచుకునే చాలా అక్షరాలకు ఒకే సంకేత సంఖ్య ఉంటుంది. ఏ దేశపు రూపం తెర మీద కనిపించాలో తేల్చేది ఫాంట్, ఇది ఏ భాషో యాప్ చెప్పే భాషా ట్యాగ్. యాప్ తయారుచేసినవాళ్లు ఆ ట్యాగ్ పెట్టకపోతే, ఫోన్ చైనీస్ ఫాంట్ ఎత్తుకోవచ్చు. అప్పుడు మీరు నెలల తరబడి తప్పు ఆకారం బట్టీ పడతారు.

దీన్ని తేల్చడానికి ఎముక అని అర్థమున్న 'హొనె' కాంజి తెరవండి. పై భాగంలో, లోపలున్న చిన్న మూల కుడివైపు ఉంటే జపనీస్ రూపం, ఎడమవైపు ఉంటే చైనా రూపం. 'చొకుసెత్సు' అన్న మాటలో మొదటి కాంజి కూడా చూడండి: జపనీస్‌లో ఎడమ అంచున నిలువుగా దిగి, అడుగున కుడికి తిరిగే గీత విడిగా కనిపిస్తుంది. చైనీస్ రూపంలో ఆ నిలువు గీత ఉండదు, అడుగున అడ్డగీత ఒక్కటే. ఆండ్రాయిడ్‌లో అయితే సెట్టింగ్స్‌లోని భాషల జాబితాకు జపనీస్‌ని రెండో భాషగా చేర్చి మళ్లీ చూడండి. అప్పుడు సరిపోతే సరే. అప్పటికీ మారకపోతే, ఫాంట్ మార్చే వీలు కూడా లేకపోతే ఆ యాప్ వదిలేయండి.

జపనీస్‌లో ధ్వనులు రాసే కాటకానా అక్షరాల మీదా ఓ కన్నేయండి. 'షి'లో చిన్న గీతలు ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పెద్ద గీత కింది నుంచి పైకి వెళ్తుంది. 'త్సు'లో చిన్నవి పైన పక్కపక్కనే ఉంటాయి, పెద్దది పై నుంచి కిందికి దిగుతుంది. అలంకార ఫాంట్‌లో, చిన్న సైజులో ఈ తేడా చెరిగిపోతుంది.

కార్డు తయారీ గురించి. ఒకే కార్డు మీద కాంజి ఉచ్చారణలన్నీ కుక్కిన డెక్‌లు (కార్డుల కట్టలు) కొనకండి. 'జీవం' కాంజినే తీసుకోండి: సెయ్, షో, ఇకిరు, ఉమారెరు, నమ... నాలుగు గుర్తొచ్చి ఒకటి మరిస్తే ఏ బటన్ నొక్కాలి? తప్పు అంటే తెలిసినవీ రోజూ వస్తాయి, ఒప్పు అంటే తెలియనిది మరుగున పడిపోతుంది. దీనికి బదులు మాటకో కార్డు ఉండాలి: గకుసెయ్ (విద్యార్థి), ఇష్షో (జీవితాంతం), నమతమగో (పచ్చి గుడ్డు). నాలుగు జవాబుల్లోంచి ఎంచుకునే క్విజ్‌లూ మోసమే. ఎదురుచూడ్డం, పట్టుకోవడం అనే రెండు కాంజీలకు కుడి సగం ఒకటే, ఎడమ సగమే తేడా. ఆ రెండూ ఒకే ప్రశ్నలో పక్కపక్కన రాకపోతే, మీకు తెలియకపోయినా మార్కులు పడతాయి.

యాప్‌లో మాటల్ని చదివే యంత్ర స్వరం ఉంటే 'ఒక రోజు' అని అర్థమొచ్చే జపనీస్ మాట (一日) రాసి వినండి. దాన్ని ఇచినిచి అనీ చదవచ్చు, నెల మొదటి తేదీ అయితే త్సుఇతాచి అనీ చదవాలి. సందర్భం తెలియని యంత్రం అక్కడే తడబడుతుంది.

ప్రకటనల్లో అంకెలు చదివితే డెక్ వయసు తెలిసిపోతుంది. నిత్యవ్యవహార కాంజి 1945 అని రాస్తే అది 2010కి ముందు జాబితా. ప్రాథమిక పాఠశాల కాంజి 1006 అంటే 2020కి ముందుది, ఇప్పుడు 1026. జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీ పేరుతో 'జేఎల్‌పీటీ అధికారిక ఎన్3 (మధ్య స్థాయి) కాంజి జాబితా' అని అమ్మితే నమ్మొద్దు. 2010లో పరీక్ష ఐదు స్థాయిలకు మారాక నిర్వాహకులు అలాంటి జాబితాలు విడుదల చేయడం లేదు. అవన్నీ అంచనాలే. అంచనా అని చెప్పి అమ్మితే తప్పు లేదు.

ఇప్పటికే ట్రయల్ మొదలుపెట్టినవాళ్లకు: యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. స్టోర్ ఖాతాలో సబ్‌స్క్రిప్షన్‌ల పేజీకి వెళ్లి, గడువుకు కనీసం ఒక రోజు ముందే రద్దు చేసి, రద్దయినట్టు కనిపించే తెరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అంతకుముందే మీ కార్డులు ఎగుమతి చేసుకోండి, గడువు అయ్యాక కొన్ని యాప్‌లు ఆ బటన్‌ని కూడా మూసేస్తాయి.