తిరుపతికి రెండుసార్లు, ఆరు గప్పీల కోసం

చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్లి, రాత్రి అక్కడే పడుకుని, కొండ ఎక్కకుండా తిరిగి వచ్చామని మా అమ్మకు ఇప్పటికీ కోపమే. "చేపల కోసం వెళ్లారా!" అని ఆమె అనే తీరు వింటే ఏదో నేరం చేసినట్టే ఉంటుంది. గోవిందరాజస్వామి గుడికి వెళ్లాం కదా అంటే, అది లెక్కలోకి రాదట.

మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. వాడి పుట్టినరోజుకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టి కొనిచ్చాను. లెక్క ప్రకారం 56 లీటర్లు పట్టాలి. అడుగున పరిచిన గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 దాటదు. ఫిల్టరు పెట్టి, చేపలు లేకుండానే ఐదు వారాలు నడిపాను. రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్లి, చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో మెల్లగా స్థిరపడుతుంది. కంటికి కనబడే పని కాదు కాబట్టి వాడికి ఓపిక పోయింది. "మామా, నీళ్లు చూడటానికా తొట్టి కొన్నది?" అని రోజుకోసారి అడిగేవాడు.

బస్సులో రెండు గంటలు. సాయంత్రానికి దిగి, బస్టాండుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక ప్రైవేటు లాడ్జిలో గది తీసుకున్నాం. ఎదురుగానే దేవస్థానం వారి శ్రీనివాసం ఉంది, రైల్వే స్టేషను దగ్గర విష్ణు నివాసం ఉంది. కానీ అవి దర్శనానికి వచ్చేవాళ్ల కోసం. చేపల సంచితో వెళ్లి అక్కడ గది అడగడానికి నాకు మనసొప్పలేదు. లాడ్జి గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే, వేడినీళ్లు ఉదయం మాత్రమే. ఏసీ గది తీసుకోవడం ఒక్కటే నేను చేసిన పొరపాటు. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదటి దుకాణం గాంధీ రోడ్డు వైపు. వెలుగంతా అక్కడే ఉంది. నీలి దీపాలు, బుడగలు, నోరు తెరిచి మూసే ప్లాస్టిక్ పెట్టెలు. తొట్టి కొలత చెప్పగానే కుర్రాడు ఆలోచించకుండా ఒక జాబితా చెప్పాడు: రెండు గోల్డ్ ఫిష్‌లు, రెండు ఏంజెల్‌లు, నాలుగు టైగర్ బార్బ్‌లు, "క్లీనింగ్‌కి" ఒక సక్కర్. రెండడుగుల తొట్టికి అందరూ ఇదే తీసుకెళ్తారట. తీసుకెళ్తారేమో. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్ల చేప, జానెడు దాకా పెరుగుతుంది, దాని మలం ఒక్కటే మా ఫిల్టరును ముంచేస్తుంది. టైగర్ బార్బ్‌లకు ఏంజెల్ పొడవాటి రెక్కలు కనబడితే పీకకుండా ఉండలేవు. నాలుగే ఉంటే మరీ అల్లరి, ఎనిమిది పది ఉంటేనే తమలో తాము తన్నుకుంటూ ఇతరుల జోలికి తక్కువగా పోతాయి. ఆ జాబితాలోని ఏ రెండింటినీ కలిపి ఉంచాలని నాకు అనిపించలేదు. ఒక తొట్టి మూలన వెల్లకిలా తేలుతున్న చేపను చూపిస్తే, "నిద్రపోతోంది సార్" అన్నాడు.

ఇంతలో మావాడు ఒక ఫైటర్‌ను చూశాడు. తోటి ఫైటర్ కనబడితే తలపడే బెట్టా చేప అది. ముదురు నీలం, తోక విసనకర్రలా. బతిమాలి బతిమాలి నా చేత కొనిపించాడు. ఒక గిన్నెడు నీళ్ల సంచిలో కట్టి ఇచ్చారు.

రెండో దుకాణం గురించి లాడ్జి కింద టీ అమ్మే ఆయన చెప్పాడు. బైరాగిపట్టెడ వైపు, బోర్డు కూడా సరిగా కనబడని చోట. లోపల ఒకే ఒక ట్యూబ్‌లైటు, పాత గాజు తొట్లు, ప్రతి తొట్టిలో ఒక స్పాంజి ఫిల్టరు. ఒక్కొక్క దాంట్లో ఒకే రకం చేప. రెండు తొట్ల మీద "అమ్మకానికి కాదు" అని చాక్‌పీసుతో రాసి ఉంది. అవి ముందురోజే చెన్నైలోని కొళత్తూరు నుంచి వచ్చాయట. వారం పది రోజులు చూసి, తెల్లమచ్చల జబ్బు రాకపోతేనే అమ్ముతానన్నాడు పెద్దాయన. కొళత్తూరుకే వెళ్తే ఇంకా చవక కదా అని నేను లోలోపల వేసుకున్న లెక్క అక్కడే ఆగిపోయింది. ఆ వారం రోజుల కాపలా కూడా ధరలో భాగమే.

ఏం కావాలి అని ఆయన అడగలేదు. "మీవి ఏ నీళ్లు?" అని అడిగాడు. బోరు నీళ్లు, గిన్నెలో కాస్తే అడుగున తెల్లటి పొర కడుతుంది అన్నాను. పీహెచ్ చూశారా? చూశాను, 7.8. అప్పటికి మావాడు నియాన్ టెట్రాల ముందు నిలబడి ఉన్నాడు. "అవి వద్దు నాయనా" అన్నాడు పెద్దాయన వాడితో. "అవి అమెజాన్ వైపు చేపలు. అక్కడి నీళ్లు వాన నీళ్లలా మెత్తన. మీ నీళ్లలో చావకపోవచ్చు, కానీ రంగు పోయి ఓ మూల నక్కి ఉంటాయి." చేపలు కలవడం అంటే కొట్టుకోకపోవడమే అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయన లెక్కలో ముందు నీళ్లతో పొత్తు కుదరాలి, పక్క చేపతో పొత్తు ఆ తర్వాత.

సున్నం ఎక్కువగా ఉండే నీళ్లకు గప్పీ, ప్లాటీ, మోలీ సరిపోతాయన్నాడు. మోలీకి మా తొట్టి ఇరుకు. గప్పీలు ఖాయం చేసుకున్నాం, అవి కూడా ఆరూ మగవే. ఆడవాటిని కలిపితే నెలకోసారి పిల్లలు, గుడ్లు కాదు, ఈదే పిల్లలే. ఆడవి మాత్రమే కొన్నా చాలదట, దుకాణంలోనే కడుపుతో ఉంటాయి. జీబ్రా డానియోలు కలపనా అని అడిగాను. గట్టి చేపలే, మన దేశపు వాగుల్లోవే, ఏ నీళ్లకైనా సర్దుకుంటాయి. అయితే వాటి ఉరుకులకు గప్పీలు బెదురుతాయి, తోకలు కొరుక్కునే అలవాటు కూడా ఉందని ఆయనే వద్దన్నాడు. చేతికి వచ్చిన బేరం వదులుకునే వ్యాపారిని చూసి చాలా కాలమైంది.

మావాడు గర్వంగా ఫైటర్ సంచి చూపించాడు. పెద్దాయన నవ్వలేదు. "దీన్ని గప్పీలతో వేస్తే, ఆ తోకలు చూసి ఇంకో ఫైటర్ అనుకుంటుంది. విడిగా పెట్టు."

ఆరు గప్పీలు అప్పుడే ఇవ్వమంటే ఇవ్వలేదు. రాత్రంతా సంచిలో ఎందుకు, రేపు పోయేముందు తీసుకోండి అన్నాడు. ఉదయం మేత పెట్టకుండా ఉంచుతాడట, దారిలో సంచి నీళ్లు పాడవకుండా. జత 60 రూపాయలు, మొదటి దుకాణం కంటే 20 ఎక్కువ. బేరం ఆడలేదు.

ఇక ఆ రాత్రి సంగతి. ఏసీ పెట్టుకుని పడుకున్నాం. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే ఫైటర్ రెక్కలు ముడుచుకుని సంచి అడుగున ఉంది. అది పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేప, కొద్ది నీళ్లలోనూ బతుకుతుంది, కానీ చలికి ఓర్చుకోలేదు. ఏసీ రిమోట్ రిసెప్షన్ వాళ్ల దగ్గరే ఉంటుంది. కిందికి వెళ్లి ఒకాయనను నిద్రలేపి, చేపకు చలేస్తోందని చెప్పాను. ఆయన ముఖం చూడాలి. పాపం మారు మాట్లాడకుండా వచ్చి ఆపాడు, పైగా ఉదయం టీ ఇస్తూ "ఎలా ఉంది సార్ దానికి?" అని అడిగాడు. లాడ్జికి నేనిచ్చే మార్కుల్లో సగం ఆయనవే. ఏసీ డబ్బు కట్టి, ఫ్యాను కింద చెమటతో పడుకున్నాం.

మధ్యాహ్నం దాకా కపిలతీర్థంలో గడిపాం. వానలు పడి కొండ మీది నుంచి నీళ్లు బాగా దూకుతున్నాయి. "మామా, ఈ నీళ్లు పట్టుకుపోతే నియాన్‌లు పెంచుకోవచ్చు కదా" అన్నాడు మావాడు. పాఠం ఎక్కినట్టే.

గప్పీలను సగం నీళ్లు, సగం ఆక్సిజన్ ఉన్న రెండు సంచుల్లో కట్టి, వార్తాపత్రిక చుట్టి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి ఇచ్చాడు. చీకటిగా ఉంటే బెదరవట. బస్సులో ఎండ పడని వైపు కూర్చున్నాం. కండక్టరు పెట్టెలో ఏముందని అడిగి, లగేజీ టికెట్ కొట్టకుండానే పోయాడు.

ఇంట్లో సంచులను తొట్టి నీళ్లపై ఇరవై నిమిషాలు తేల్చి, తర్వాత కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు కలిపి, చేపలను మాత్రం వలతో దించాం. సంచి నీళ్లు మొక్కలకు పోశాను. నాలుగో రోజు ఒక గప్పీ చనిపోయింది. పెద్దాయనకు ఫోను చేస్తే ముందు అమ్మోనియా కొలవమన్నాడు. సున్నా. "అయితే దారి బడలికే. మిగతావి తింటున్నాయా?" తింటున్నాయి.

మూడు వారాల తర్వాత రెండో ప్రయాణం. ఈసారి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేశాం, లాడ్జి లేదు. చేపలన్నీ ఒకేసారి దించితే అప్పటిదాకా కొద్దిపాటి మేతకు అలవాటుపడ్డ బ్యాక్టీరియా తట్టుకోలేదని రెండో విడత వాయిదా వేసింది ఆయనే. అడుగున తిరిగే కోరిడోరాస్‌లు ఆరు తీసుకున్నాం, కంచు రంగువి, నీళ్ల విషయంలో అంత పట్టింపు లేనివి. మీసాలతో అడుగంతా తడుముతూ తింటాయి కాబట్టి ముందే గులకరాళ్లు తీసి, కడిగిన సన్నని ఇసుక వేశాం. సక్కర్ అడిగాడు మావాడు, పాచి తింటుందని. అడుగు దాటి పెరుగుతుంది, అప్పుడు జనం తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు అన్నాడు పెద్దాయన. నిజమే, దెయ్యం చేప అని జాలరులు తిట్టుకునేది దాన్నే. వలలు చించేస్తుంది. పాచికి దీపం ఎనిమిది గంటలకు మించి వెయ్యకపోవడమే మందన్నాడు. చనిపోయిన గప్పీకి బదులు ఇంకోటి ఉచితంగా ఇస్తానన్నాడు, నేను డబ్బిచ్చే తీసుకున్నాను. గాంధీ రోడ్డు వైపు వెళ్లలేదు.

ఫైటర్ మావాడి చదువుకునే బల్ల మీద పదిహేను లీటర్ల తొట్టిలో ఒంటరిగా, మహారాజులా ఉంది.

వచ్చే నెల మళ్లీ తిరుపతి, ఈసారి అమ్మతో, దర్శనం టికెట్లతో. థర్మోకోల్ పెట్టె కూడా తెస్తానంటే ఒక షరతు మీద ఒప్పుకుంది. తిరుగు ప్రయాణంలో అది లడ్డూల సంచికి రెండు సీట్ల దూరంలో ఉండాలట.