అటోర్వానా, రోసువానా: ఏది మేలు?

అనంతపురంలో మా మామ పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నాలుగు రౌండ్లు తిరిగే మనిషి. రెండేళ్ల కిందట స్టెంట్ వేసినప్పటి నుంచి కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ 40 మాత్ర వేసుకుంటున్నారు. మొన్న ఎండాకాలంలో ఒక మెడికల్ షాపులో ఆ స్ట్రిప్ లేదని, "ఇది కూడా కొలెస్ట్రాల్‌కే సార్" అంటూ రోసువాస్టాటిన్ 40 చేతిలో పెట్టారు. అంకె ఒకటే కదా అని ఆయన ఇంకేమీ అడగలేదు. మూడు వారాలకు తొడలు పట్టేశాయి, మెట్లు ఎక్కడం కష్టమైంది. దాంతో రెండు రకాల మాత్రలూ బీరువాలో పడేసి, పరగడుపున వెల్లుల్లి నమలడం మొదలుపెట్టారు.

అంకె ఒకటే అయినా మందు బలం ఒకటి కాదు. రోసువా 10 దాదాపు అటోర్వా 20తో సమానం. అటోర్వాలో 80 వరకూ వెళ్లొచ్చు, రోసువాలో 40 అంటేనే ఆఖరి మెట్టు. పైగా ఆసియా వాళ్ల రక్తంలో రోసువా పాశ్చాత్యుల కన్నా ఎక్కువగా తేలుతుంది. అందుకే మనలాంటి వాళ్లకు 5తో మొదలుపెట్టే సంగతి ఆలోచించమని ఆ మందు కాగితంలోనే ఉంటుంది. డోసు పెరిగేకొద్దీ కండరాల నొప్పి భయమూ పెరుగుతుంది. మామ ఒక్కరోజులో ఆఖరి మెట్టు ఎక్కేశారన్నమాట.

మరి సమానమైన డోసులో వేసుకుంటే? దక్షిణ కొరియాలో గుండెజబ్బు ఉన్న 4,400 మందిని మూడేళ్లు గమనించిన అధ్యయనం 2023లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం, మరణం లాంటివి కలిపి చూస్తే రెండు మందులకూ పెద్ద తేడా లేదు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) మాత్రం రోసువాతో కాస్త ఎక్కువ తగ్గింది. కానీ కొత్తగా సుగర్ మందులు మొదలుపెట్టాల్సి వచ్చినవాళ్లు రోసువాలో 7.2 శాతం, అటోర్వాలో 5.3 శాతం. కంటి శుక్లం ఆపరేషన్లూ రోసువా వైపే కొంచెం ఎక్కువ. సుగర్ అంచులో ఉన్నవాళ్లకు నేనైతే అటోర్వా వైపే మొగ్గుతాను. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకూ అదే సుఖం, డోసు మార్చే పని ఉండదు. రోసువా అయితే అలాంటివాళ్లకు 10 దాటనివ్వరు.

అలాగని రోసువాను పక్కన పెట్టేయలేం. అటోర్వాకు గొడవ వేరే మాత్రలతో వస్తుంది. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందు తోడైతే రక్తంలో అటోర్వా పెరిగిపోతుంది. తామరకు నెలల తరబడి ఇట్రాకొనజోల్ మింగేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. రోసువాకు ఆ బెడద చాలా తక్కువ. కాకపోతే అది వేసుకున్నాక గ్యాస్ సిరప్ తాగాలంటే రెండు గంటలు ఆగాలి.

"చీనీ రసం తాగొచ్చా అల్లుడా?" అని మామ అడిగారు. బత్తాయిని చీనీ అనే అనంతపురంలో ఈ ప్రశ్న రాకుండా ఉంటుందా! అటోర్వాతో పడదనే హెచ్చరిక గ్రేప్‌ఫ్రూట్ గురించి. అది పంపరపనస, నారింజ కలిసి పుట్టిన వేరే పండు. మన చీనీకి ఆ భయం లేదు.

లివర్ సంగతికొస్తే రెండూ ఒకటే. ఎంజైములు కొద్దిమందిలో పెరుగుతాయి, చాలావరకు మళ్లీ దిగుతాయి.

ఇక నొప్పి. లండన్‌లో స్టాటిన్లు (అటోర్వా, రోసువా లాంటి మందులు) పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా చూశారు. 2020లో ఫలితం వచ్చింది. మందుతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. అంటే నొప్పి అబద్ధమని కాదు, దానికి కారణం ప్రతిసారీ మందే కాదని. థైరాయిడ్ తగ్గినా కండరాలు పట్టేస్తాయి, టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. నొప్పితో పాటు నీరసం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. అది అరుదు, కానీ కిడ్నీల మీదికి వస్తుంది.

వెల్లుల్లిని కూడా పోటీలో పెట్టి చూశారు. 2022లో అమెరికాలో రోసువా 5 ఇరవై ఎనిమిది రోజుల్లో ఎల్‌డీఎల్‌ను దాదాపు 38 శాతం దించితే, వెల్లుల్లి మాత్రలు అసలు దించలేదు. స్టెంట్ ఉన్న మనిషి మాత్ర మానేసి దీన్ని నమ్ముకోవడమే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది.

బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే సీపీకే పరీక్షలో ప్రమాదమేమీ లేదన్నారు. కొన్నాళ్లు ఆపి, అటోర్వా 20తో మళ్లీ మొదలుపెట్టి, తోడుగా కొలెస్ట్రాల్ తగ్గించే ఇంకో రకం మందు ఎజెటిమైబ్ 10 ఇచ్చారు. డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే తగ్గుతుంది, ఎజెటిమైబ్ కలిపితే సుమారు 20 శాతం. నొప్పి వచ్చినవాళ్లకు అటోర్వానా రోసువానా అన్న పంచాయితీ కన్నా ఈ దారే నాకు నచ్చింది.

మామ ఇప్పుడు షాపులో కళ్లద్దాలు పెట్టుకుని, స్ట్రిప్ మీద పేరూ అంకే రెండూ చదివాకే డబ్బులిస్తున్నారు. వెల్లుల్లి మళ్లీ చట్నీలోకి వెళ్లింది.